ఒక బ్యాండ్ షూగేజ్ అవునో కాదో చెవితోనే తేల్చుకోవడం ఎలా?

షూగేజ్ అనే గిటార్ సంగీత శైలి పేరుతో ఏదో ఒక ప్లేలిస్ట్ వినడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే దాదాపు అందరూ ఒకే ప్రశ్నతో వస్తారు: ఫలానా బ్యాండ్ షూగేజేనా, కాదా? స్లోడైవ్ గురించి ఎవరూ అడగరు. మజ్జీ స్టార్, బీచ్ హౌస్, కాక్టో ట్విన్స్, డెఫ్టోన్స్, సిగరెట్స్ ఆఫ్టర్ సెక్స్ గురించి అడుగుతారు. ఒక్కొక్క పేరుకు అవుననో కాదనో జవాబు చెప్పుకుంటూ పోతే దానికి అంతు ఉండదు కాబట్టి, మీ అంతట మీరే తేల్చుకునే పద్ధతిని ఇక్కడ మెట్లవారీగా ఇస్తున్నాను. గిటార్ వాయించడం రాకపోయినా, సంగీత శాస్త్రం తెలియకపోయినా ఇబ్బంది లేదు.

చరిత్ర కొంచెం తెలిస్తే చాలు. 1980ల చివర, 1990ల మొదట్లో ఇంగ్లండ్, ఐర్లండ్‌ల నుంచి వచ్చిన కొన్ని గిటార్ బ్యాండ్లకు అక్కడి సంగీత పత్రికలు వెటకారంగా తగిలించిన పేరు ఇది. సౌండ్స్ అనే వారపత్రికలో మూస్ అనే బ్యాండ్ కచేరీ మీద వచ్చిన సమీక్షతో మొదలై, తక్కిన పత్రికల ద్వారా స్థిరపడింది. షూగేజ్ అంటే బూట్ల వైపు చూడటం: ఆ గిటారిస్టులు పాదాల దగ్గర పరిచిన పెడల్స్ (కాలితో నొక్కి గిటార్ ధ్వనిని మార్చే పరికరాలు) వైపు తల వంచి వాయించేవారన్నది ఎగతాళి. వేదిక మీద ఎవరు ఎటు చూస్తున్నారన్నది రికార్డులో వినబడదు కనుక, మన పనికి ఆ పేరు ఏ విధంగానూ సాయపడదు.

కావలసినవి

- హెడ్‌ఫోన్స్ లేదా ఇయర్‌ఫోన్స్. ఖరీదైనవే కానక్కరలేదు, బ్లూటూత్‌వి అయినా ఫర్వాలేదు. ఫోన్ స్పీకర్ మాత్రం అసలు పనికిరాదు, ఎందుకంటే ఈ సంగీతంలోని పొరలన్నీ అందులో ఒకే గరగర శబ్దంగా ముద్దయిపోతాయి.
- కొలబద్దగా పెట్టుకోవడానికి మూడు ఆల్బమ్‌లు: స్లోడైవ్ వారి "సువ్లాకీ" (1993), రైడ్ వారి "నోవేర్" (1990), మై బ్లడీ వాలెంటైన్ వారి "లవ్‌లెస్" (1991). డబ్బు కట్టే యాప్ లేకపోతే, యూట్యూబ్‌లో ఆ బ్యాండ్ల అధికారిక చానెళ్లలో దొరికే పాటలతోనే పని జరుపుకోవచ్చు.
- ఒక నోట్‌బుక్, పెన్ను.
- ఎవరూ పలకరించని గంట సమయం.

మొదలుపెట్టే ముందు ఫోన్‌లోనూ యాప్‌లోనూ ఉన్న ఈక్వలైజర్, బాస్ బూస్ట్, త్రీడీ సౌండ్ వంటివన్నీ ఆపేయండి. గొంతును పైకి తెచ్చే సెట్టింగ్ ఒక్కటి మిగిలి ఉన్నా రెండో మెట్టులో మీకు తప్పు జవాబు వస్తుంది.

జాగ్రత్త: ఇది గట్టిగా వినాలనిపించే సంగీతం. మై బ్లడీ వాలెంటైన్ 2008లో మళ్లీ కచేరీలు మొదలుపెట్టినప్పుడు ద్వారం దగ్గరే ప్రేక్షకులకు చెవుల్లో పెట్టుకునే ప్లగ్‌లు పంచిపెట్టారు. ఇంట్లో వినేటప్పుడు వాల్యూమ్ సగం దాటించకండి. పొరలు వినబడటం లేదని వాల్యూమ్ పెంచడం కంటే, గది నిశ్శబ్దంగా ఉండే వేళ చూసుకోవడం మంచిది.

1. ముందు చెవిని సిద్ధం చేసుకోండి

మూడు ఆల్బమ్‌లనూ పైన చెప్పిన వరుసలోనే వినండి. చాలామంది "లవ్‌లెస్" గొప్పదని విని దానితోనే మొదలుపెట్టి, రెండో పాటకే ఫోన్ పాడైందేమోనని అనుమానించి ఆపేస్తారు. "సువ్లాకీ"లో పాట రూపం స్పష్టంగా ఉంటుంది, అందువల్ల కొత్తవాళ్లు సులభంగా లోపలికి వెళ్లగలుగుతారు. "నోవేర్"లో డ్రమ్స్ ఉరవడి ఎక్కువ, గిటార్లలో మెరుపు ఎక్కువ. ఈ రెండూ అలవాటైన తరువాత "లవ్‌లెస్"లోని గందరగోళం గందరగోళంగా అనిపించదు. అప్పటికీ అది కొరుకుడు పడకపోతే చాప్టర్‌హౌస్ వారి "వర్ల్‌పూల్" (1991)ను దాని స్థానంలో తాత్కాలికంగా పెట్టుకోండి. అయితే "లవ్‌లెస్"ను శాశ్వతంగా వదిలేయకండి, ఎందుకంటే ఈ శైలిలో తరువాత వచ్చినవాళ్లందరినీ ఏదో ఒక విధంగా దానితోనే పోలుస్తారు.

2. గొంతు ఎక్కడ ఉందో చూడండి

ఇప్పుడు మీకు సందేహమున్న పాటను తీసుకోండి. తెర మీద సాహిత్యం కనిపించకుండా చేసి ఒక్కసారి వినండి. తరువాత మీకు అర్థమైన పంక్తులు నోట్‌బుక్‌లో రాయడానికి ప్రయత్నించండి. పల్లవి, చరణం అంతా రాయగలిగితే అది షూగేజ్ కాకపోయే అవకాశమే ఎక్కువ. అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క తప్ప ఏమీ దొరకకపోతే మొదటి గుర్తు దొరికినట్లే.

ఆంగ్లం మన భాష కాదు కనుక అర్థం కాలేదని కొందరు సందేహపడతారు. ఆ సందేహం తీరాలంటే మాటలను పక్కన పెట్టి, గొంతు ఎంత దూరంలో ఉన్నదన్నదే గమనించండి. మన సినిమా పాటల్లో గొంతు అన్నిటికంటే ముందు, శ్రోత చెవి పక్కనే ఉంటుంది. వాద్యాలు దానికి దారి ఇచ్చి వెనక నిలుస్తాయి. షూగేజ్‌లో గొంతు గిటార్లతో సమానంగానో, వాటికంటే లోపలగానో ఉంటుంది. కచేరీలో తంబురా గాయకుడి వెనక నిలబడితే, ఇక్కడ గాయకుడే వెళ్లి తంబురా పక్కన కూర్చుంటాడు. చిన్నప్పటి నుంచీ సినిమా పాటలు వింటూ పెరిగిన చెవికి ఇది మొదట మిక్సింగ్‌లో దొర్లిన లోపంలా తోస్తుంది, కానీ అలా కావాలనే చేశారు.

మరో సంగతి గమనించాలి. ఆడ గొంతూ మగ గొంతూ కలిసి పాడటం, రెండూ ఊపిరి తీసినంత మెత్తగా ఉండటం ఈ శైలిలో తరచుగా కనిపిస్తుంది. స్లోడైవ్‌లో రేచల్ గోస్వెల్, నీల్ హాల్‌స్టెడ్, మై బ్లడీ వాలెంటైన్‌లో బిలిండా బుచర్, కెవిన్ షీల్డ్స్ అలా పాడినవారే. ఉంటే అది అదనపు ఆధారం. లేకపోతే దోషమేమీ కాదు.

3. గిటార్ మీటు వినబడుతోందా?

అసలు పరీక్ష ఇదే, కనుక దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. మామూలు రాక్ పాటలో గిటార్ తీగను మీటిన క్షణం చెవికి తెలుస్తుంది. చేత్తో తాళం వేస్తూ మీటులు లెక్కపెట్టవచ్చు. షూగేజ్‌లో ఆ మీటు కరిగిపోతుంది. ధ్వని ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియకుండా, ఒక శ్రుతిలోంచి మరో శ్రుతిలోకి జారుతూ ఉంటుంది.

"లవ్‌లెస్" మొదటి పాట "ఓన్లీ షాలో" పెట్టండి. స్నేర్ డ్రమ్ మీద నాలుగు దెబ్బలు పడతాయి, ఐదోది పడాల్సిన చోట గిటార్ విరుచుకుపడుతుంది. ఆ మొదటి కొన్ని క్షణాలనే మళ్లీ మళ్లీ వినండి. శ్రుతి స్థిరంగా ఉండదు, పైకీ కిందికీ ఊగుతుంది. షీల్డ్స్ ఫెండర్ జాజ్‌మాస్టర్, జాగ్వార్ గిటార్ల మీద ఉండే ట్రెమొలో ఆర్మ్ అనే కడ్డీని వదలకుండా చేతిలో పట్టుకునే తీగలు మీటేవాడు. దాంతో ప్రతి మీటుతోపాటు తీగల బిగువు స్వల్పంగా మారి శ్రుతి ఊగుతుంది. దానికి రివర్స్ రివర్బ్ తోడు చేశాడు. మామూలు రివర్బ్‌లో ప్రతిధ్వని క్రమంగా తగ్గుతుంది. రివర్స్‌లో అది ఉబ్బుతూ వచ్చి ఒక్కసారిగా తెగుతుంది, అందువల్ల మీటు మొన మాయమవుతుంది. వందల గిటార్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఆ శబ్దం తయారుచేశారని చాలామంది నమ్ముతారు. అంతగా పేర్చలేదని షీల్డ్స్ స్వయంగా చెబుతూ వచ్చాడు. వాయించే తీరులోనే ఆ మందం ఉంది.

ఇదొక్కటే దారి అనుకోకండి. స్లోడైవ్ అదే ఫలితాన్ని డిలే (ధ్వనిని కొద్ది ఆలస్యంతో మళ్లీ వినిపించేది), రివర్బ్ పెడల్స్‌తో సాధించింది. "సువ్లాకీ"లోని "ఆలిసన్"లో గిటార్లు ఊగవు, కానీ ఒకదాని తోక మరోదానిలో కలిసిపోతుంది. రైడ్ బ్యాండ్ పాట "వేపర్ ట్రెయిల్"లో మీటు కొంతవరకు తెలుస్తూనే ఉంటుంది, ఆండీ బెల్ గొంతు కూడా మరీ మరుగున పడదు. అయినా ఆ గిటార్ల మెరుపు పాటంతా పరుచుకుని ఉండటం వల్ల దాన్ని ఎవరూ జాబితా నుంచి తీసేయరు. కాబట్టి మీటు పూర్తిగా మాయమైందా అని పట్టుబట్టవద్దు. పాటలో ఎక్కువ చోటు ఆక్రమించింది గిటార్ ధ్వని స్వభావమా, లేక అది వాయిస్తున్న రిఫ్‌నా (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ పలుకా) అని అడగండి. రిఫ్ గుర్తుండిపోతే అది రాక్ వైపు మొగ్గుతోంది.

4. లోపల పాట ఉందా?

హెడ్‌ఫోన్స్ తీసేసి, విన్న పాటను కూనిరాగం తీయండి. బాణీ నోటికి రావాలి. మంచి షూగేజ్ పాటను ఒక్క అకౌస్టిక్ గిటార్‌తో పాడుకున్నా అది పాటగా నిలబడుతుంది. కూనిరాగానికి ఏమీ అందకపోతే మీరు విన్నది నాయిస్ (హోరే ప్రధానమైనది), డ్రోన్ (ఒకే శ్రుతి సాగేది), యాంబియంట్ (నేపథ్యంలా పరుచుకునేది) వర్గాల్లో ఏదో ఒకటి కావచ్చు. గొంతే లేకుండా పది నిమిషాలపాటు మెల్లగా పెరిగి, చివర ఉప్పెనలా విరిగితే అది పోస్ట్ రాక్. మోగ్వాయ్, ఎక్స్‌ప్లోజన్స్ ఇన్ ది స్కై ఆ కోవలోవి.

5. ఇరుగుపొరుగు శైలులతో పోల్చండి

తప్పులు ఎక్కువగా జరిగేది డ్రీమ్ పాప్ దగ్గర. రెండిటిలోనూ మెత్తదనం, ప్రతిధ్వని ఉంటాయి. డ్రీమ్ పాప్‌లో ఖాళీ ఎక్కువ, గొంతు ముందుంటుంది, డిస్టార్షన్ (గిటార్ ధ్వనిని గరుకుగా చేసే ప్రభావం) తక్కువ లేదా శూన్యం. బీచ్ హౌస్‌లో విక్టోరియా లెగ్రాండ్ గొంతు, కీబోర్డు పాటను నడిపిస్తాయి. మజ్జీ స్టార్‌లో హోప్ సాండోవల్ గొంతు మీ ఎదుటే ఉంటుంది. సిగరెట్స్ ఆఫ్టర్ సెక్స్‌లో ప్రతి మాటా తేటగా వినబడుతుంది, ప్రతి మీటూ లెక్కకు అందుతుంది. ఈ మూడూ షూగేజ్ కావు, ఎన్ని ప్లేలిస్టులు కలిపేసినా సరే.

కాక్టో ట్విన్స్, జీసస్ అండ్ మేరీ చైన్ అనే రెండు స్కాట్లండ్ బ్యాండ్లది వేరే లెక్క. మొదటివారి నుంచి ప్రతిధ్వనిలో తేలే గిటార్, మాటలు తెలియని గొంతు, రెండోవారి "సైకోక్యాండీ" (1985) నుంచి తీపి బాణీ మీద కుమ్మరించిన హోరు: ఈ రెండూ కలిసిన చోటే షూగేజ్ మొదలైంది. వారిని పూర్వీకులుగా రాసుకోవాలి తప్ప లోపలివారిగా కాదు.

6. బ్యాండ్‌కు కాదు, రికార్డుకు ముద్ర వేయండి

వాదులాటల్లో సగానికి కారణం ఈ మెట్టు దాటేయడమే. ఇద్దరు శ్రోతలు ఒకే బ్యాండ్ గురించి వాదిస్తూ, వేర్వేరు ఆల్బమ్‌లు మనసులో పెట్టుకుని ఉంటారు. షూగేజ్ తొలి వెలుగు కొద్ది సంవత్సరాలే నిలిచింది. 1990ల నడుమ బ్రిట్‌పాప్ (సూటి బాణీల బ్రిటిష్ గిటార్ పాప్) రాగానే చాలా బ్యాండ్లు దారి మార్చుకున్నాయి, కొన్ని విడిపోయాయి. అందుకే నోట్‌బుక్‌లో బ్యాండ్ పేరు, ఆల్బమ్ పేరు, సంవత్సరం మూడూ కలిపి రాయండి.

లష్ మంచి ఉదాహరణ. కాక్టో ట్విన్స్ గిటారిస్టు రాబిన్ గత్రీ నిర్మించిన "స్పూకీ" (1992) షూగేజ్. 1996 నాటి "లవ్‌లైఫ్" సూటిగా, తేటగా పాడిన బ్రిట్‌పాప్. ద వర్వ్ బ్యాండ్ "ఎ స్టార్మ్ ఇన్ హెవెన్" (1993) ఈ జాబితాలోకి నిస్సందేహంగా వస్తుంది, వారికి లోకమంతా పేరు తెచ్చిన "అర్బన్ హిమ్స్" (1997) రాదు. బూ రాడ్లీస్ 1992 నాటి ఆల్బమ్‌ను, 1995లో వచ్చిన "వేకప్!"ను వెంటవెంటనే వింటే ఒకే బ్యాండ్ అని నమ్మడం కష్టం. రైడ్ వారే 1994లో "కార్నివాల్ ఆఫ్ లైట్"తో 1960ల రాక్ వైపు వెళ్లిపోయారు. స్లోడైవ్ 1995 నాటి "పిగ్మేలియన్" దాదాపు యాంబియంట్. అది వచ్చిన కొద్దికాలానికే వారి రికార్డులు విడుదల చేసే క్రియేషన్ సంస్థ వారిని వదులుకుంది. 2014లో మళ్లీ కలిసి 2017లో తెచ్చిన ఆల్బమ్ తిరిగి అసలు గూటికి చేరింది.

7. మూడు పట్టికలు తయారుచేసుకోండి

గొంతు, గిటార్, పాట అనే మూడు పరీక్షల్లోనూ నెగ్గిన రికార్డును నడిమి పట్టికలో రాయండి. రెండిటిలోనే నెగ్గితే అంచు పట్టికలో, తరువాతి తరం వాళ్లదైతే మూడో పట్టికలో పెట్టండి. నా పట్టికలు ఇలా ఉన్నాయి. మీవి వేరుగా ఉండవచ్చు.

నడిమి పట్టిక: మై బ్లడీ వాలెంటైన్ "ఈజంట్ ఎనీథింగ్" (1988), "లవ్‌లెస్"; స్లోడైవ్ "జస్ట్ ఫర్ ఎ డే" (1991), "సువ్లాకీ"; రైడ్ "నోవేర్"; లష్ "స్పూకీ"; చాప్టర్‌హౌస్ "వర్ల్‌పూల్"; లీడ్స్ నగరానికి చెందిన పేల్ సెయింట్స్ "ద కంఫర్ట్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్" (1990). అమెరికా నుంచి డ్రాప్ నైన్‌టీన్స్ "డెలావేర్" (1992), మెడిసిన్ "షాట్ ఫోర్త్ సెల్ఫ్ లివింగ్" (1992).

అంచు పట్టిక: స్వర్వ్‌డ్రైవర్ "రైజ్" (1991), ఇందులో రిఫ్‌ల బలం ఎక్కువ, కారు రోడ్డెక్కిన ఊపు ఉంటుంది; క్యాథరిన్ వీల్ "ఫెర్మెంట్" (1992), ఇందులో గొంతు స్పష్టం; కర్వ్ "డాపెల్‌గ్యాంగర్" (1992), ఇందులో నృత్య సంగీతపు లయ, టోనీ హాలిడే గొంతులో ధీమా.

తరువాతి తరం: న్యూయార్క్ నుంచి అసోబి సెక్సు, ఫిలడెల్ఫియా నుంచి నథింగ్, దక్షిణ కొరియా నుంచి ఒంటరిగా ఇంట్లో రికార్డు చేసుకునే పారన్నోల్, 2023లో టిక్‌టాక్ ద్వారా కుర్రకారుకు చేరిన విస్ప్. బ్లాక్ మెటల్‌తో (అరుపుల గొంతు, వేగమైన గిటార్లు ఉండే మెటల్ శైలి) కలిసిన శాఖ వేరే ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన ఆల్సెస్ట్, శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన డెఫ్‌హెవెన్ అందులో ముఖ్యులు. డెఫ్‌హెవెన్ "సన్‌బాదర్" (2013)లో గిటార్లు షూగేజ్, గొంతు మాత్రం అరుపు, కాబట్టి రెండో మెట్టులో తప్పుతుంది. ఆల్సెస్ట్ 2014 నాటి "షెల్టర్"లో అరుపులు లేవు, పైగా ఒక పాటలో స్లోడైవ్‌కు చెందిన హాల్‌స్టెడ్ స్వయంగా పాడాడు.

తరచుగా జరిగే పొరపాట్లు

డిస్టార్షన్ ఉంటే చాలు షూగేజ్ అనుకోవడం మొదటిది. స్మాషింగ్ పంప్‌కిన్స్ "సయమీజ్ డ్రీమ్" (1993) దీనికి సరైన పరీక్ష. గిటార్ల మందం ఉంది, మిక్స్ చేసిన అలన్ మోల్డర్ "లవ్‌లెస్", "నోవేర్" రికార్డుల మీద పనిచేసినవాడే. అయినా బిల్లీ కోర్గన్ గొంతు అన్నిటి మీదుగా దూసుకొస్తుంది, రిఫ్‌లు చెవిలో నాటుకుంటాయి. ఆల్బమ్ వెనక పేర్లు చూడటం ఉపయోగకరమే, కానీ తీర్పు వాటిని బట్టి ఇవ్వకూడదు.

విషాదం, నిదానం ఉంటే షూగేజ్ అనుకోవడం రెండోది. డస్టర్ నెమ్మదిగా ఉంటుంది, దాన్ని స్లోకోర్ అంటారు. "నోవేర్"లోని పాటలు కొన్ని పరుగెడతాయి. వేగానికీ ఈ శైలికీ సంబంధం లేదు.

ప్రభావాన్ని, సభ్యత్వాన్ని ఒకటి చేయడం మూడోది. నేటి యువ బ్యాండ్లలో చాలామంది డెఫ్టోన్స్ పేరు చెబుతారు, వారి పాటల్లో ఆ బరువు వినబడుతుంది కూడా. అంతమాత్రాన డెఫ్టోన్స్ షూగేజ్ అయిపోదు. యాప్‌ల వర్గీకరణను, ఆల్బమ్ ముఖచిత్రంలోని మసక బొమ్మను చూసి నిర్ణయించడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

సరిగ్గా చేశారో లేదో ఎలా తెలుస్తుంది?

మీ పట్టికల్లోంచి పది పాటలు, డ్రీమ్ పాప్ నుంచి ఐదు, పోస్ట్ రాక్ నుంచి రెండు, మామూలు రాక్ నుంచి మూడు ఎంచి ఒక ప్లేలిస్ట్ చేయండి. ఇంట్లో ఎవరినైనా దాన్ని కలగలిపి, పేర్లు కనబడకుండా వినిపించమనండి. ఒక్కో పాటకు నిమిషంన్నర చాలు. మీ జవాబులు రాసి, చివర పోల్చుకోండి. డ్రీమ్ పాప్ పాటలను షూగేజ్‌గా రాస్తుంటే రెండో మెట్టుకు, రాక్ పాటలను రాస్తుంటే మూడో మెట్టుకు, పోస్ట్ రాక్‌ను రాస్తుంటే నాలుగో మెట్టుకు తిరిగి వెళ్లండి.

కొన్ని వారాల తరువాత అదే పరీక్ష వేరే ఇయర్‌ఫోన్స్‌తో చేయండి. ఏ పాట విషయంలో జవాబు మారిందో చూడండి. ఎక్కువగా మారేవి అంచు పట్టికలోని పాటలే అవుతాయి, అందులో కంగారు పడవలసిందేమీ లేదు. నడిమి పట్టికలోంచి ఏదైనా మారితే మాత్రం ఆ ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరిదాకా మరోసారి విని, ఒకే పాటను బట్టి రికార్డు మొత్తానికి ముద్ర వేశారేమో సరిచూసుకోండి. మిత్రులతో తేడా వస్తే ముందు ఎవరు ఏ రికార్డు గురించి మాట్లాడుతున్నారో అడగండి. అది ఒకటే అయి, అప్పటికీ తేడా తీరకపోతే ఇద్దరి అభిప్రాయాలూ పెన్సిల్‌తో పక్కపక్కనే రాసి ఉంచండి. కర్వ్ విషయంలో నా నోట్‌బుక్‌లో ఇప్పటికీ అలాగే ఉంది.